కొత్త డాక్టర్లు తరచుగా అడిగే ప్రశ్నలు: గుంటూరు, విజయవాడ ఓపీల్లో రోజూ చూసే జబ్బులు

హౌస్ సర్జన్సీ ముగించి పీహెచ్‌సీలోనో, నర్సింగ్ హోమ్ డ్యూటీలోనో, సొంతంగా బోర్డు కట్టుకున్న క్లినిక్‌లోనో కూర్చున్న కొత్తలో పిల్లలు ఫోన్ చేసి అడిగే ప్రశ్నలివి. చాలావరకు వాళ్ల మాటల్లోనే ఉంచాను. ప్రత్యేకంగా చెప్పని చోట మోతాదులన్నీ పెద్దవాళ్లకే. చిన్నపిల్లలు, గర్భిణులు, కిడ్నీ, లివర్ జబ్బులున్నవాళ్లు వస్తే మళ్లీ ఒకసారి చూసుకుని రాయండి.

జ్వరం అని వచ్చిన ప్రతివాళ్లకీ 'ఫీవర్ ప్రొఫైల్' రాసేయొచ్చా మేడమ్?

వద్దు. ముందు జ్వరం ఎన్నో రోజో తేల్చండి. అది తెలిస్తే సగం పరీక్షలు అక్కర్లేదని అర్థమవుతుంది, మిగతా సగంలో ఏది ఇవాళ, ఏది ఎల్లుండి అన్నది తెలుస్తుంది.

"మూడ్రోజుల్నుంచండీ" అని చెప్పగానే కేస్ షీట్‌లో 3 వేసేయకండి. మనవాళ్లు మంచాన పడ్డ రోజు నుంచే లెక్కేస్తారు. అంతకుముందు రెండు రోజులు పారాసిటమాల్ వేసుకుని పనికి పోయింది లెక్కలోకి రాదు. "ఆదివారం ఏం కూర వండారు, సయించిందా? సోమవారం పనికెళ్లారా? ఆ రాత్రి ఫ్యాన్ ఆపేసి దుప్పటి కప్పుకున్నారా?" అని అడిగితే మూడు కాస్తా ఐదవుతుంది. పక్కన కూర్చున్న భార్యో, కోడలో సరిగ్గా చెబుతారు. వాళ్లనే అడగండి.

మొదటి రెండు రోజుల్లో వచ్చి, తాగుతూ తిరుగుతూ ఉన్న మనిషికి సీబీసీ, మలేరియా పరీక్ష చాలు. వానాకాలమైతే డెంగీ ఎన్‌ఎస్1 కలపండి. ఎన్‌ఎస్1 మొదటి ఐదు రోజుల్లోనే నమ్మదగ్గది, ఆ తర్వాత ఐజీఎం ఎలైజా. ఐదు రోజులు దాటినా జ్వరం దిగకపోతే అప్పుడు బ్లడ్ కల్చర్, లివర్ ఎంజైములు, క్రియాటినిన్, స్క్రబ్ టైఫస్ ఐజీఎం, మూత్ర పరీక్ష, ఛాతీ ఎక్స్‌రే. కల్చర్ మాత్రం యాంటీబయాటిక్ మొదటి డోసు పడకముందే తీయాలి. టైఫాయిడ్ మీద గట్టి అనుమానం ఉంటే ఐదు రోజులు ఆగక్కర్లేదు, మొదటి వారంలోనే అది ఎక్కువగా దొరుకుతుంది.

రెండో రోజు జ్వరానికే విడాల్ (టైఫాయిడ్ రక్తపరీక్ష) పాజిటివ్ అని రిపోర్టు చేతిలో పట్టుకొస్తున్నారు. ఏం చెయ్యాలి?

పక్కన పెట్టండి. విడాల్‌లో కనబడే యాంటీబాడీలు పుట్టడానికే వారం పడుతుంది. రెండో రోజున పాజిటివ్ వచ్చిందంటే అది పాత ఇన్‌ఫెక్షన్‌దో, టీకాదో, వేరే జ్వరం వల్ల వచ్చిన తప్పుడు పాజిటివో. ఒక్కసారి తీసిన టైటర్‌తో టైఫాయిడ్ అని చెప్పడం కుదరదు. మన ఊళ్లల్లో "నాకు ఏటా టైఫాయిడ్ వస్తుందండీ" అనేవాళ్లలో చాలామందికి ఏటా వచ్చేది విడాల్ రిపోర్టే.

నిజంగా టైఫాయిడే అయితే సిప్రోఫ్లాక్సాసిన్, ఓఫ్లాక్సాసిన్ గుడ్డిగా మొదలుపెట్టకండి. మన దేశంలో వాటికి నిరోధకత బాగా ఎక్కువ. ఇంటి దగ్గర ఉండగలిగినవాళ్లకి అజిత్రోమైసిన్ రోజుకి 1 గ్రాము ఏడు రోజులు. వాంతులు, కడుపు ఉబ్బరం ఉండి అడ్మిట్ చేస్తే సెఫ్ట్రియాక్సోన్ 2 గ్రాములు పది నుంచి పద్నాలుగు రోజులు. సెఫ్ట్రియాక్సోన్ మొదలుపెట్టాక జ్వరం దిగడానికి నాలుగు నుంచి ఆరు రోజులు పడుతుంది. మూడో రోజు బంధువులు గొడవ చేశారని యాంటీబయాటిక్ మార్చేస్తే, ఏది పని చేసిందో చివరికి మీకూ తెలియదు. ఈ సంగతి అడ్మిషన్ రోజే వాళ్లకి చెప్పి ఉంచండి.

డెంగీలో ప్లేట్‌లెట్లు ఎంతకి పడితే ఎక్కించాలి?

అడగాల్సిన ప్రశ్న ఇది కాదు, కానీ అందరూ అడిగేది ఇదే. రక్తస్రావం లేకపోతే పదివేల కన్నా పైన ఉన్నంతవరకు అక్కర్లేదు. రక్తస్రావం ఉంటే అంకెతో పని లేదు, ఎక్కించాలి. ఇరవై ఐదు వేలున్న మనిషి ఇడ్లీ తింటూ పేపరు చదువుకుంటుంటే ఆయన్ని వదిలేయండి. ఎనభై వేలుండి, జ్వరం దిగి, కడుపునొప్పితో మెలికలు తిరుగుతున్న పక్క బెడ్ అమ్మాయి దగ్గరికి వెళ్లండి.

డెంగీలో మనుషులు పోయేది ఎక్కువగా ప్లాస్మా లీకై షాక్‌లోకి వెళ్లి. అది మొదలయ్యేది జ్వరం దిగే సమయంలో, మూడు నుంచి ఏడో రోజు మధ్య. సరిగ్గా అప్పుడే ఇంట్లోవాళ్లు "జ్వరం తగ్గింది, తీసుకెళ్లిపోతాం" అంటారు. ఆ రోజు చూడాల్సినవి: తగ్గని కడుపునొప్పి, ఆగని వాంతులు, చిగుళ్ల నుంచో ముక్కు నుంచో రక్తం, మగత, చిరాకు, వేలికి తగిలే లివర్, పెరుగుతున్న పీసీవీ (రక్తం చిక్కదనం చూపే అంకె). బీపీ 100/80 అని నర్సు రాస్తే నార్మల్ అనుకోకండి. పై అంకెకీ కింది అంకెకీ తేడా 20కి వచ్చిందంటే అది షాకే. చేతులు చల్లగా ఉన్నాయేమో పట్టుకుని చూడండి, గోరు నొక్కి వదిలి రంగు ఎంతసేపట్లో వస్తుందో చూడండి. ల్యాబ్ రిపోర్టు వచ్చేదాకా ఆగక్కర్లేని పరీక్షలివి.

ప్రమాద సూచనలున్నవాళ్లకి నార్మల్ సెలైన్ కానీ రింగర్ లాక్టేట్ కానీ కిలోకి గంటకి 5 నుంచి 7 మి.లీ. చొప్పున మొదలుపెట్టి, గంటా రెండు గంటల తర్వాత 3 నుంచి 5కి, ఆ తర్వాత 2, 3కి దించుకుంటూ రండి. ప్రతి మార్పుకీ ముందు పీసీవీ, మూత్రం చూడండి. లీక్ ఆగాక కూడా సెలైన్ పోనిస్తూ ఉంటే ఆ నీరంతా తిరిగొచ్చి ఊపిరితిత్తుల్లో చేరుతుంది. డెంగీని మొదటి నాలుగు రోజులు బాగా చూసి ఆరో రోజు సెలైన్‌తో ముంచడం మామూలుగా జరిగే పొరపాటే.

నొప్పులకి డైక్లోఫినాక్, ఐబూప్రోఫెన్, ఆస్పిరిన్ వద్దు, పారాసిటమాల్ ఒక్కటే. బొప్పాయి ఆకు రసం తాగుతామంటే నేను గొడవ పడను, కానీ వాంతులవుతున్న మనిషి చేత ఆ చేదు తాగిస్తుంటే ఆపిస్తాను. సీజన్‌లో కివీ పండ్ల ధర చూసి కూడా కొనేవాళ్లకి మజ్జిగ, కొబ్బరినీళ్లు, ఓఆర్‌ఎస్ చాలని చెప్పండి.

స్క్రబ్ టైఫస్‌ని ఎప్పుడు అనుమానించాలి?

వానలు పడ్డాక, ముఖ్యంగా ఆగస్టు నుంచి చలికాలం దాకా, ఐదు రోజులు దాటిన జ్వరం ఏదైనా సరే. పొలం పని, గడ్డి కోత, ఇంటి వెనక పిచ్చిమొక్కలు, మేకలు తోలుకెళ్లడం అడగండి. తలనొప్పి, ప్లేట్‌లెట్లు తక్కువ, ఎస్‌జీఓటీ (లివర్ ఎంజైము) ఎక్కువ, డెంగీ నెగెటివ్ అంటే ముందు గుర్తు రావాల్సింది ఇదే.

తర్వాత బట్టలు తీయించి చూడాలి. చిగ్గర్ అనే సన్నటి పురుగు కుట్టిన చోట సిగరెట్‌తో కాల్చినట్టు నల్లటి చెక్కు, చుట్టూ ఎర్రటి అంచు ఉంటుంది. నొప్పి ఉండదు, దురద ఉండదు, కాబట్టి పేషెంట్‌కే తెలియదు. అడిగితే "ఏం లేదండీ" అంటారు. చంకలు, గజ్జలు, నడుం చుట్టూ లంగా బొందు కట్టే చోటు, రొమ్ముల కింద, చెవి వెనక, పిల్లల్లో అయితే మర్మాంగాల దగ్గర. చెమట పట్టే మడతల్లో నల్ల చెక్కు ఊడిపోయి, అడుగున పసుపు రంగు కనిపించే చిన్న పుండులా మిగులుతుంది. ఆడవాళ్లయితే స్టాఫ్ నర్సుని పిలిచి, కర్టెన్ వేసి చూడండి. సిగ్గుపడి చూడకుండా వదిలేస్తే ఎస్కార్ (ఆ నల్లటి చెక్కు) సగం కేసుల్లో అక్కడే ఉండిపోతుంది. చెక్కు కనబడకపోయినా జబ్బు కాదనడానికి లేదు.

డాక్సీసైక్లిన్ 100 మి.గ్రా. రోజుకి రెండుసార్లు, ఏడు రోజులు. అనుమానం గట్టిగా ఉంటే ఐజీఎం రిపోర్టు కోసం ఆగొద్దు. మాత్ర అన్నం తిన్నాక, నిండు గ్లాసు నీళ్లతో వేసుకుని, అరగంట కూర్చోమనండి. లేకపోతే అన్నవాహికలో పుండు పడి గుండెల్లో మంటతో మళ్లీ వస్తారు. గర్భిణులకి అజిత్రోమైసిన్ 500 మి.గ్రా. ఐదు రోజులు. సాధారణంగా 48 గంటల్లో జ్వరం దిగిపోతుంది. మూడు రోజులైనా దిగకపోతే మీ డయాగ్నోసిస్‌ని మళ్లీ ప్రశ్నించుకోండి. ఆయాసం, కామెర్లు, మగత వస్తే రిఫర్ చేయండి. తీవ్రమైన కేసుల్లో ఐవీ డాక్సీసైక్లిన్, అజిత్రోమైసిన్ రెండూ కలిపి ఇస్తే ఏడో రోజుకి చిక్కులు తగ్గడంలో మేలు కనిపించిందని 2023లో మన దేశంలోనే జరిగిన పరిశోధన తేల్చింది. వెయిల్ ఫెలిక్స్ పరీక్ష నెగెటివ్ వస్తే దాన్ని పట్టుకుని కూర్చోకండి, చాలా కేసుల్ని అది వదిలేస్తుంది.

మలేరియా ఇప్పుడు మన దగ్గర ఉందా?

తక్కువే. కానీ అరకు, పాడేరు వైపు వెళ్లొచ్చారా అని అడగండి. ఈమధ్య పిక్నిక్‌కి వెళ్లినవాళ్లూ, అక్కడ ఉద్యోగం చేసే టీచర్లూ వస్తున్నారు. వైవాక్స్ రకం మలేరియాకి క్లోరోక్విన్ మూడు రోజులతో ఆపేస్తే సరిపోదు. లివర్‌లో దాగిన పరాన్నజీవి కోసం ప్రైమాక్విన్ పద్నాలుగు రోజులు ఇవ్వాలి. జీ6పీడీ (ఎర్ర రక్తకణాల్లోని ఎంజైము) లోపం ఉందేమో చూసుకోవాలి, గర్భిణులకి ఇవ్వకూడదు. ఫాల్సిపారం రకానికి ఏసీటీ (ఆర్టెమిసినిన్ కలిసిన మాత్రలు), మనిషి తేడాగా ఉంటే ఐవీ ఆర్టిసునేట్.

"సెలైన్ పెట్టండి, సూది వెయ్యండి" అని పట్టుబడతారు. వెయ్యకపోతే ఎదురు క్లినిక్‌కి పోతారు...

పోనివ్వండి, కొందరు తిరిగొస్తారు. ఆ సూదిలో మామూలుగా ఉండేది డెక్సామెథసోన్, డైక్లోఫినాక్. డెంగీలో ఆ రెండూ ఏం చేస్తాయో మీకు చెప్పక్కర్లేదు. నేను చేసేదేమిటంటే బీపీ చూస్తాను, స్టెత్ పెట్టి నాలుగు చోట్లా వింటాను, నాలుక చూస్తాను, కడుపు నొక్కుతాను. అంత చూసిన డాక్టరు "మీకు సెలైన్ అవసరం లేదమ్మా, ఇంటికెళ్లి ఇంత గంజి తాగు" అంటే పెద్దగా ఎదురు చెప్పరు. కుర్చీలోంచి లేవకుండా చెబితేనే గొడవ.

నెలల తరబడి ఇలాంటి సూదులు, "కీళ్లనొప్పుల పొట్లాలు" వాడినవాళ్లు గుండ్రటి ముఖం, పలచబడిన చర్మం, చేతుల మీద నల్లటి మచ్చలతో వస్తారు. వాళ్లకి స్టెరాయిడ్‌ని ఒక్కసారిగా ఆపించకండి. వాంతులు, నీరసం, తక్కువ బీపీ, తక్కువ సోడియంతో పడిపోతే అది అడ్రినల్ క్రైసిస్. హైడ్రోకార్టిసోన్ 100 మి.గ్రా. ఐవీ ఇచ్చి, సెలైన్ పెట్టాలి. సెలైన్ నిజంగా అవసరమైన మనిషి అతనే.

గ్యాస్ నొప్పికీ గుండె నొప్పికీ తేడా ఎలా తెలుసుకోవాలి?

మాటలతో తెలుసుకోలేరు. ఈసీజీతోనే. నలభై దాటినవాళ్లు, లేదా షుగరు, బీపీ, పొగతాగే అలవాటు ఉన్నవాళ్లు దవడకీ బొడ్డుకీ మధ్య ఎక్కడ బాధ అని వచ్చినా పది నిమిషాల్లో ఈసీజీ తీయండి. "రాత్రి పెళ్లిలో బిర్యానీ తిన్నానండీ, అప్పట్నుంచి పొట్ట పైన బిగబట్టినట్టుంది" అనే కేసులో పాంటాప్రజోల్‌తో తగ్గిందంటే అది గ్యాసే అని రుజువైనట్టు కాదు. షుగరు పేషెంట్లకి నొప్పే ఉండకపోవచ్చు, ఆయాసం, చెమటలు మాత్రమే. మొదటి ఈసీజీ మామూలుగా ఉన్నా బాధ తగ్గకపోతే పావుగంటకోసారి మళ్లీ తీయండి. ట్రోపోనిన్ మొదటి మూడు గంటల్లో నెగెటివ్ రావచ్చు.

ఈసీజీలో ఎస్‌టీ భాగం లేచి ఉంటే ఆస్పిరిన్ 325 మి.గ్రా. నమిలించండి, క్లోపిడోగ్రెల్ 300, అటోర్వాస్టాటిన్ 80 ఇవ్వండి. నొప్పి మొదలైన టైము గంట, నిమిషాలతో రాయండి. రెండు గంటల్లోపు యాంజియోప్లాస్టీ జరిగే చోటికి చేర్చగలరా? మంగళగిరి, తాడేపల్లి నుంచైతే చేర్చొచ్చు. మాచర్ల, అవనిగడ్డ నుంచి ఆ లెక్క కుదరదు. కుదరకపోతే రక్తం గడ్డ కరిగించే మందు దగ్గర్లోనే ఇచ్చి పంపాలి. ఇన్‌ఫీరియర్ ఎంఐలో (గుండె కింది గోడకి వచ్చే పోటు) కుడివైపు లీడ్లు తీయకుండా నాలుక కింద సార్బిట్రేట్ పెట్టొద్దు, బీపీ కుప్పకూలుతుంది. తుంటికి డైక్లోఫినాక్ సూది అసలే వద్దు. ఆ తర్వాత థ్రాంబోలిసిస్ చేస్తే అక్కడే రక్తం గూడు కడుతుంది.

పురుగుమందు తాగిన మనిషిని తెస్తే మొదటి అరగంటలో ఏం చెయ్యాలి?

పత్తి, మిరప పండించే పల్నాడు, గుంటూరు పల్లెల్లో పనిచేసే డాక్టరు ఈ అరగంటని కళ్లు మూసుకున్నా చేయగలిగేలా ఉండాలి.

ముందు గాలి. నోట్లోంచి నురగ, చొంగ, ఊపిరితిత్తుల్లో గరగర ఉంటే సక్షన్ చేసి, ఎడమ పక్కకి తిప్పి, ఆక్సిజన్ పెట్టండి. బట్టలు మొత్తం కత్తిరించి తీసేయండి, ఒళ్లంతా, జుట్టుతో సహా, సబ్బుతో కడిగించండి. చేసేవాళ్లు గ్లవ్స్ వేసుకోవాలి. ఉప్పునీళ్లు తాగించి వాంతి చేయించడం ఊళ్లోనే చేసి తెస్తారు, మీరు మళ్లీ చేయకండి. కడుపు కడగడం గంట దాటాక వచ్చినవాళ్లకి పెద్దగా ఉపయోగం లేదు, శ్వాసనాళం భద్రంగా లేని మనిషికి ప్రమాదం. ముందు కడుపు కడిగే ట్యూబు, తర్వాత అట్రోపిన్ (ఆర్గానోఫాస్ఫేట్ రకం పురుగుమందుకి విరుగుడు) అనే వరస తలకిందులు.

అట్రోపిన్ 0.6 మి.గ్రా. ఆంపుల్స్ మూడు నుంచి ఐదు ఒకేసారి ఐవీ. ఐదు నిమిషాలాగి చూడండి. మెరుగు లేకపోతే రెట్టింపు. మళ్లీ ఐదు నిమిషాలకి దానికి రెట్టింపు. పది, ఇరవై, నలభై ఆంపుల్స్ పగలగొట్టడానికి ఇద్దరు మనుషులు కావాలి, ముందే నిలబెట్టుకోండి. ఎక్కడ ఆగాలి? ఊపిరితిత్తులు శుభ్రంగా వినిపించాలి, గుండె వేగం 80 దాటాలి, పై బీపీ 80 దాటాలి, చంకలు పొడిబారాలి, కనుపాపలు సూదిమొనల్లా ఉండకూడదు. అన్నిటికన్నా ముఖ్యం ఊపిరితిత్తులు. కనుపాపలొక్కటే చూస్తూ అట్రోపిన్ నడపొద్దు. ఆ తర్వాత, అప్పటిదాకా పట్టిన మొత్తంలో గంటకి 10 నుంచి 20 శాతం చొప్పున ఇన్‌ఫ్యూజన్. ఒళ్లు కాలిపోతూ, పక్కమీద దుప్పటి పీకుతూ, కడుపులో పేగుల చప్పుడు లేకుండా ఉంటే మోతాదు ఎక్కువైంది. కాసేపు ఆపి, తగ్గించి మళ్లీ మొదలుపెట్టండి. ప్రాలిడాక్సిమ్ మీద వాదనలు ఇంకా తెగలేదు. దాని కోసం వెతుకుతూ అట్రోపిన్‌ని ఆలస్యం చేయకండి.

రెండో రోజు మనిషి కూర్చుని కాఫీ తాగాడని సంబరపడి వార్డు నుంచి పంపేయకండి. 24 నుంచి 96 గంటల మధ్య మెడ, భుజాలు, ఊపిరి కండరాలు పడిపోవచ్చు. దిండు మీద నుంచి తల ఎత్తమనండి. ఎత్తలేకపోతే వెంటిలేటర్ ఉన్న చోటికి అప్పుడే పంపాలి, ఆయాసం వచ్చేదాకా ఆగి కాదు.

డబ్బా తెమ్మనండి. అన్నీ ఆర్గానోఫాస్ఫేట్లు కావు. పారాక్వాట్ అయితే విరుగుడు లేదు, పైగా ఆక్సిజన్ అవసరానికి మించి ఇస్తే ఊపిరితిత్తులకి చేటు.

ఎంఎల్‌సీ (మెడికో లీగల్ కేసు) నమోదు చేయండి. బంధువులు కేసవుతుందని భయపడి "పొరపాటున తాగాడు" అంటారు. మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 2017లోని 115వ సెక్షన్ ప్రకారం ఆత్మహత్యకి ప్రయత్నించినవాళ్లని తీవ్ర ఒత్తిడిలో ఉన్నట్టుగానే భావించాలి, శిక్షించకూడదు. ఈ మాట బంధువులకి చెబితే తాగిన మందు పేరూ, టైమూ నిజం చెబుతారు. డిశ్చార్జికి ముందు సైకియాట్రీ వాళ్లకి చూపించండి. చీటీ మీద టెలి మానస్ నంబరు 14416 రాయండి. ఇంట్లో మిగిలిన డబ్బాలు ఎక్కడున్నాయో అన్ననో, తమ్ముణ్నో పిలిచి అడగండి.

పాము కరిచిందంటున్నారు, ఏ పామో తెలియదు. ఏఎస్‌వీ (పాము విషానికి విరుగుడు) వెయ్యాలా?

పాము తెలియక్కర్లేదు. మన దగ్గర దొరికే ఏఎస్‌వీ నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్నపింజర నాలుగింటికీ కలిపి తయారైనదే. తెలియాల్సింది విషం ఎక్కిందా లేదా అన్నది. 2018లో దివిసీమలో పాముకాట్లు వరసగా పడ్డప్పుడు ఊరూరా ఇదే ప్రశ్న.

శుభ్రమైన, పొడి గాజు ట్యూబులో 2 మి.లీ. రక్తం తీసి, కదపకుండా 20 నిమిషాలు పెట్టండి. వంచినప్పుడు నీళ్లలా జారిందంటే పింజర విషం. ప్లాస్టిక్ ట్యూబు, డిటర్జెంట్‌తో కడిగిన ట్యూబు వాడితే ఫలితం తప్పొస్తుంది. కనురెప్పలు వాలడం, మింగలేకపోవడం ఉంటే నాగుపామో కట్లపామో. కింద చాప మీద పడుకున్న మనిషి తెల్లారుజామున కడుపునొప్పితో లేచి, కళ్లు మూతలు పడుతున్నాయంటే కాటు మచ్చ కనబడకపోయినా కట్లపామే అనుకోండి. దానికి వాపు ఉండదు, నొప్పి ఉండదు. కడుపునొప్పికి సూది వేసి పంపేసే ప్రమాదం ఉంది.

లక్షణాలుంటే పది వయల్స్, గంటలో ఎక్కించాలి. పిల్లలకైనా, గర్భిణికైనా అదే మోతాదు, ఎందుకంటే పాము వదిలే విషం మనిషి బరువు చూసి వదలదు. పక్కనే సిరంజిలో అడ్రినలిన్ తీసి పెట్టుకోండి. దద్దుర్లు, ఆయాసం, బీపీ తగ్గడం మొదలైతే 0.5 మి.గ్రా. తొడ కండరానికి. స్కిన్ టెస్ట్ అక్కర్లేదు. ఆరు గంటల తర్వాత ట్యూబు పరీక్ష మళ్లీ చేయండి. కనురెప్పలు వాలిన కేసులో అట్రోపిన్ 0.6 మి.గ్రా. ఇచ్చి నియోస్టిగ్మిన్ 1.5 మి.గ్రా. ప్రయత్నించండి. నాగుపాముకైతే గంటలో కళ్లు తెరుస్తారు. బిగించి కట్టిన తాడుతో వస్తే ఒక్కసారిగా విప్పకండి, ఐవీ లైను పెట్టి, ఏఎస్‌వీ సిద్ధం చేసుకున్నాకే. ఏమీ లేకపోయినా ఇరవై నాలుగు గంటలు ఉంచాలి.

తేలుకాటుకి ఏఎస్‌వీ కాదు. ఒళ్లంతా చెమట, చల్లటి చేతులు, వేగంగా కొట్టుకునే గుండె ఉంటే ప్రాజోసిన్ మాత్ర, పిల్లలకి కిలోకి 30 మైక్రోగ్రాములు. మహారాష్ట్రలోని మహాడ్‌లో పనిచేసే డాక్టర్ హిమ్మత్‌రావు బావస్కర్ దీన్ని ప్రపంచానికి చూపించారు. ఒక చిన్న పట్నం డాక్టరు సాధించిన పని.

వడదెబ్బకి పారాసిటమాల్ ఇంజక్షన్ ఇవ్వొచ్చా?

పనిచేయదు. విజయవాడలో మే నెలలో, రెంటచింతల వైపు అంతకన్నా ముందే, 40 డిగ్రీల సెంటీగ్రేడ్ దాటిన ఒంటి వేడితో తికమకగా మాట్లాడుతూ వచ్చే మనిషిని చల్లబరచడమే వైద్యం, అదీ మొదటి అరగంటలో. చంకలో కాదు, రెక్టల్ టెంపరేచర్ చూడండి. బట్టలు తీసి, నీళ్లు చల్లుతూ, రెండు ఫ్యాన్లు పెట్టండి. మెడ, చంకలు, గజ్జల్లో ఐస్. పెద్ద టబ్బు ఉంటే ఇంకా మంచిది. 39కి వచ్చాక ఆపండి. 108లో ఎక్కించే ముందే చల్లబరచడం మొదలవ్వాలి. మెడ బిగుసుకుని ఉందేమో చూడండి, వేసవిలోనూ మెనింజైటిస్ వస్తుంది.

విరేచనాలకి ఓఫ్లాక్సాసిన్ ఆర్నిడజోల్ రాయకపోతే తగ్గుతుందా?

ఎక్కువ భాగం తగ్గుతుంది. ఓఆర్‌ఎస్ ప్యాకెట్ లీటరు నీళ్లలో కలపాలి. గ్లాసులో కలిపితే ఉప్పు ఎక్కువై పిల్లలకి ప్రమాదం. టెట్రా ప్యాక్‌లో తియ్యటి పానీయాల్ని ఓఆర్‌ఎస్ పేరుతో అమ్మడాన్ని 2025 అక్టోబరులో ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ ఆపించింది. అయినా తల్లిని ఏ ప్యాకెట్ కొన్నదో చూపించమనండి. ఆరు నెలలు దాటిన పిల్లలకి జింక్ 20 మి.గ్రా. పద్నాలుగు రోజులు. యాంటీబయాటిక్ రక్త విరేచనాలకి, కలరా అనుమానానికి. గంజినీళ్లలా ధారగా పోతుంటే డాక్సీసైక్లిన్ 300 మి.గ్రా. ఒక్క డోసు, రింగర్ లాక్టేట్ వేగంగా.

ఒకే వీధి నుంచి ముగ్గురొస్తే మందు చీటీతో ఆపకండి, మున్సిపల్ హెల్త్ ఆఫీసర్‌కి ఫోన్ చేయండి. 2018 మార్చిలో గుంటూరులో తాగునీటిలో మురుగు కలిసి ప్రాణాలు పోయాయి. 2024 సెప్టెంబరులో బుడమేరు వరదకి సింగ్ నగర్ మునిగినప్పటిలా జనం మురుగు నీళ్లలో నడిచిన తర్వాతి వారాల్లో జ్వరం, పిక్కల నొప్పి, ఎర్రటి కళ్లు, కామెర్లు కనిపిస్తే లెప్టోస్పైరోసిస్ అనుకోండి. డాక్సీసైక్లిన్ దానికీ పనిచేస్తుంది.

షుగరు పేషెంట్‌కి మొదటి రోజు ఏం చెయ్యాలి?

చెప్పులు విప్పించి పాదాలు చూడండి. తర్వాతే మందులు. క్రియాటినిన్ బాగుంటే మెట్‌ఫార్మిన్ 500 మి.గ్రా. అన్నం తిన్నాక, వారం వారం పెంచండి. ఈజీఎఫ్‌ఆర్ (కిడ్నీ వడపోత అంకె) 30 కన్నా తగ్గితే ఆపేయాలి. రక్తం తక్కువున్న ఆడవాళ్లలో హెచ్‌బీఏ1సీ ఉన్నదానికన్నా ఎక్కువ చూపిస్తుంది, పరగడుపు, తిన్నాక అంకెలు కూడా పక్కన పెట్టుకుని నిర్ణయించండి. గుండె, కిడ్నీ జబ్బు ఉంటే డపాగ్లిఫ్లోజిన్ కలపండి. 2020లో పేటెంట్ తీరాక ధర దిగొచ్చింది. జ్వరం, వాంతులున్న రోజుల్లో మెట్‌ఫార్మిన్, డపాగ్లిఫ్లోజిన్ రెండూ ఆపమని చీటీ మీద రాయండి.

కార్తీక సోమవారాలు, రంజాన్ ఉపవాసాలు వచ్చే ముందే అడగండి. ఉపవాసం రోజు గ్లిమెపిరైడ్ వేసుకుని సాయంత్రానికి తూలిపోయి వచ్చే ముసలమ్మలు ప్రతి కార్తీకంలోనూ ఉంటారు. 25 శాతం డెక్స్‌ట్రోజ్ పట్టగానే లేచి కూర్చుంటుంది. వెంటనే ఇంటికి పంపకండి, ఆ మాత్ర ప్రభావం రోజంతా ఉంటుంది, రాత్రికి మళ్లీ పడిపోవచ్చు.

బీపీ 180 ఉంటే నాలుక కింద నిఫెడిపిన్?

ఎప్పుడూ వద్దు. తలనొప్పి తప్ప ఇంకేమీ లేని మనిషిని ఐదు నిమిషాలు కూర్చోబెట్టి, చేతికి సరిపడే కఫ్‌తో మళ్లీ చూడండి. మెట్లెక్కి వచ్చిన బీపీకి మందు రాయకండి. అమ్లోడిపిన్ 5, సరిపోకపోతే టెల్మిసార్టాన్ 40 కలపడం. అమ్లోడిపిన్‌తో కాళ్లు వాచాయని ఫ్రూసెమైడ్ ఇవ్వడం దండగ, ఆ వాపు దానికి తగ్గదు. ఉప్పు రోజుకి 5 గ్రాములు దాటకూడదన్నది డబ్ల్యూహెచ్ఓ మాట. గుంటూరు వాళ్లతో ఆవకాయ మానేయమంటే అబద్ధం చెప్పిస్తాం అంతే. రోజుకి ఒక్క పూట, ముద్దకి తగలనిచ్చేంత, మజ్జిగన్నంలో మళ్లీ ఉప్పు వద్దు అంటే వింటారు.

దగ్గు తగ్గడం లేదంటూ మళ్లీ మళ్లీ వస్తున్నారు.

రెండు వారాలు దాటితే కళ్లె ట్రూనాట్‌కో సీబీనాట్‌కో (టీబీ క్రిమిని పట్టే పరీక్షలు) పంపండి. ఆలోగా లెవోఫ్లాక్సాసిన్ రాయడం టీబీని కప్పిపెట్టడమే. ప్రభుత్వ టీబీ పోర్టల్ నిక్షయ్‌లో నమోదు చేయడం ప్రైవేటు డాక్టర్లకీ తప్పనిసరి. నమోదైతే పేషెంట్‌కి పోషణ కోసం నెలకి వెయ్యి రూపాయలు వస్తాయి. బీపీకి రామిప్రిల్, ఎనలాప్రిల్ వాడుతున్నారేమో చూడండి, పొడిదగ్గు అక్కడే ఉండొచ్చు. మిర్చి యార్డులో హమాలీలు, తొడిమలు తీసే ఆడవాళ్లు అయితే సెలవు రోజుల్లో దగ్గు తగ్గుతుందా అని అడగండి. తగ్గుతుందంటే ఇన్‌హేలర్ మొదలుపెట్టి, ముక్కూ నోరూ బాగా మూసే మాస్కు రాయండి. "పఫ్ అలవాటైపోతుందటగా" అంటారు. అలవాటయ్యేది ఆస్తమా, పఫ్ కాదు.

తామర ఎందుకు తగ్గడం లేదు?

మందుల షాపులో కొన్న క్లోబెటాసోల్ కలిసిన ట్యూబు వల్ల. పూసినప్పుడు దురద పోతుంది, మానగానే రెట్టింపై వస్తుంది. ట్యూబు తెప్పించి చూసి పారేయించండి. ఇట్రాకొనజోల్ రాస్తే పాంటాప్రజోల్ ఆపించండి, గుండె బలహీనత ఉందేమో, స్టాటిన్ వాడుతున్నారేమో అడగండి. ఇంట్లో తామర ఉన్న అందరికీ ఒకేసారి వైద్యం.

కుక్క కరిచిందని గీరుకు మాత్రమే వస్తే?

రక్తం రాకపోయినా చర్మం గీరుకుపోతే టీకా కావాలి. రక్తం వస్తే టీకాతో పాటు ఇమ్యునోగ్లోబులిన్, గాయం లోపలా చుట్టూ. మొదట కుళాయి కింద సబ్బుతో పదిహేను నిమిషాలు కడిగించండి, మీ క్లినిక్‌లోనే. టీకా భుజానికి, తుంటికి కాదు. కండరానికైతే 0, 3, 7, 14, 28 రోజులు. ఇంట్రాడెర్మల్ అయితే 0, 3, 7, 28. పసుపు, సున్నం పూసుకొస్తే కోప్పడకుండా కడిగేయండి.

రిఫర్ చేసేటప్పుడు చీటీలో ఏం రాయాలి?

"ఫర్ ఫర్దర్ మేనేజ్‌మెంట్" అని ఒక్క లైను రాసి జీజీహెచ్‌కి (ప్రభుత్వ పెద్దాసుపత్రి) పంపకండి. జబ్బు మొదలైన తేదీ, గంట. మీరు చూసినప్పటి బీపీ, నాడి, స్పృహ. ఏ మందు, ఎంత, ఎన్ని గంటలకి ఇచ్చారు. అట్రోపిన్ అయితే ఎన్ని ఆంపుల్స్, ఏఎస్‌వీ అయితే ఎన్ని వయల్స్. ఇంకా తేలని అనుమానం ఏమిటి. మీ ఫోన్ నంబరు. అర్ధరాత్రి క్యాజువాలిటీలో ఉన్న పీజీ మీకు ఫోన్ చేస్తే ఎత్తండి.